తోడల్లుడి కుర్చీ

బుధవారం పొద్దున్నే సంఘం మీటింగు. షాపుల షట్టర్లు ఇంకా లేవవు, రోడ్లు ఊడ్చేవాళ్ళు ఇంకా ఊడుస్తూనే ఉంటారు, అప్పటికే ప్రెస్సాయన హాల్లోకి టీ కెటిలూ బన్నుల ట్రే వచ్చేసుంటాయి. సభ్యులు ఒక్కొక్కరే దిగుతారు. ఆవలిస్తూ కొందరు, తల దువ్వుకోవడం మర్చిపోయి కొందరు. కూర్చునే ముందు మాత్రం అందరూ చేసే పని ఒకటుంది. బల్ల అంచు మీద చెయ్యి పెట్టి, తమ ముందు చోటు పోయిన వారం కంటే పెరిగిందా తగ్గిందా అని తడిమి చూసుకుంటారు. ఆ తర్వాతే టీ.

సంఘానికి కాగితం మీద చాలా పెద్ద పేరుంది. నగర వర్తక వృత్తిదారుల పరస్పర సహకార సంఘం. ప్రెస్సు సొంతం కాబట్టి ప్రెస్సాయన అంత పొడుగు పేరు అచ్చేసుకున్నాడు, ఇంకెవరైనా అడిగితే సగానికి కోసేసేవాడే. జనం మాత్రం బల్ల సంఘం అంటారు.

అసలు ఇది సంఘంగా మొదలవలేదు. అప్పటికి ఊళ్ళో మేడలు లేవు, సిటీ బస్సులు లేవు, ఒక వీధి వాళ్ళు ఇంకో వీధి వాళ్ళని పేరు పెట్టి పిలిచేవాళ్ళు. ఒకరోజు విజిటింగ్ కార్డుల కోసం ప్రెస్సుకి ముగ్గురొచ్చారు. పైపులు బిగించే ఆయన, టైలరమ్మ, పరుపులు కుట్టే ఆయన. మిషను మొరాయించింది, బయట వాన దంచుతోంది. చేసేదేం లేక ప్రెస్సాయనతో కలిసి వెనక గదిలో కాగితాలు కోసే బల్ల చుట్టూ చేరారు. నాలుగు గ్లాసులు పెడితే మోచెయ్యి పెట్టడానికి చోటు లేనంత బల్ల.

ఊరికే కూర్చోలేక టైలరమ్మ పైపులాయన్ని చూపించి, "ఈయన ఒకసారి పైపు బిగిస్తే ఇంక ఇంట్లో పైపుందన్న సంగతే మర్చిపోవచ్చు" అంది. అన్న వెంటనే పైపులాయన ముందు బల్ల బొటనవేలంత పెరిగింది. ఆయన గ్లాసు కాస్త పక్కకి జరిగింది. "కొంచెం అటు జరగండి మరి" అన్నాడు ప్రెస్సాయన. అందరూ కుర్చీలు జరుపుకున్నారు. అంతే. బల్ల పెరిగిందేమిటని ఎవరూ అడగలేదు. చోటు పెరిగితే ఎందుకు పెరిగిందని అడిగే వ్యాపారస్తుడు ఎక్కడైనా ఉంటాడా?

ఆ బల్లది ఒకటే గుణం. మీ ఎడమ పక్కన కూర్చున్న మనిషి గురించి నిజంగా మంచి మాట చెబితే, ఆ మనిషి ముందు బల్ల పెరుగుతుంది. పైపైన చెబితే తగ్గుతుంది. అందుకే సంఘంలో ఎవరూ తమ గురించి తాము చెప్పుకోరు. లేచి నిలబడి ఎడమ పక్కవాళ్ళ గురించే చెప్పాలి. దానికి 'ఎడమ మాట' అని పేరు.

ఊరు పెరిగింది, సంఘం పెరిగింది, బల్లా పెరిగింది. ముందు వెనక గది గోడ కొట్టించారు. తర్వాత పక్కిల్లు అద్దెకి తీసుకుని రెండిళ్ళ మధ్య గోడ కూడా కొట్టించారు. ఆ తర్వాత కిటికీ తీసేసి బల్ల కొసని వరండాలోకి పంపించారు. వరండా వాళ్ళు వానొస్తే గొడుగులు వేసుకుని ఎడమ మాట చెప్పేవాళ్ళు. హాలు కొలతలకి మున్సిపాలిటీ నుంచి వచ్చే ఉద్యోగి, "వచ్చిన ప్రతిసారీ ఒక కొలతా? నాకు పై నుంచి చీవాట్లు పెట్టిద్దామనా?" అని విసుక్కునేవాడు తప్ప బల్లని ఒక్క మాట అనలేదు.

తగ్గడం మాత్రం ఒక ఇన్సూరెన్సు ఏజెంటుతో మొదలైంది. ఆ మహానుభావుడు ఎవరి గురించైనా ఒకటే పాట పాడేవాడు. అంకితభావం, నిబద్ధత, చిరునవ్వు. పాపం ఆయన ఎడమ పక్కన గొడుగుల షాపతను. వారం వారం అతని ముందు బల్ల తగ్గి తగ్గి, చివరికి కుర్చీ పట్టకుండా పోయింది. అప్పుడు పెట్టారు రూలు. కుర్చీ పట్టకపోతే సభ్యత్వం లేదు. తప్పు చెప్పినవాడిదైతే శిక్ష పక్కవాడికా అని టైలరమ్మ గట్టిగానే కొట్లాడింది. "ఒక్క నిజమైన మంచి మాట కూడా పుట్టించలేని మనిషి మనకెందుకమ్మా" అన్నాడు ప్రెస్సాయన. ఆయన అలాంటివాడు, గుండె కూడా సీసంతో పోతపోసినవాడు. దాంతో పాటే ఇంకో రూలు పెట్టారు. కొత్త సభ్యుణ్ణి ఎవరు తెస్తే, ఏడాది పాటు అతని ఎడమ మాట వాళ్ళే చెప్పాలి.

సరిగ్గా ఈ రూలే పరుపులాయన కొంప ముంచింది.

పరుపులాయనకి ఒక తోడల్లుడున్నాడు. ఆయన భార్య చెల్లెలి మొగుడు. అద్దాల పని. అందరూ అద్దాలబ్బాయి అంటారు. వేరే ఊళ్ళో చిన్న కొట్టు పెట్టుకుని ఉండేవాణ్ణి, అత్తగారు పోరు పెట్టి ఇక్కడికి రప్పించింది. "పెద్దల్లుడుగారూ, మీ సంఘంలో చేర్చండి వాణ్ణి. మీ చెయ్యి పట్టుకుని పైకొస్తాడు" అంది. పరుపులాయనకి ఆ మాట తీపిగా తగిలింది. నా చెయ్యి పట్టుకుని! సంఘం పెట్టిన నలుగురిలో ఒకణ్ణి నేను, వీడు చేతులు కట్టుకుని నా పక్కన కూర్చుంటాడు అనుకున్నాడు. అనుకుని, తనే తీసుకెళ్ళి, తన ఎడమ పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

చేతులు కట్టుకునే కూర్చున్నాడు పాపం. కానీ ఊరు గాజుకి మరిగిన రోజులవి. ఏ షాపు చూసినా ముందు అద్దం, ఏ ఆఫీసు చూసినా గోడకి బదులు అద్దం. నెలలు తిరక్కుండానే ఏ వీధిలో నడిచినా తోడల్లుడి పనే కనిపించేది. పైగా ఆ పనిలో పరుపులాయనకి తన మొహమే కనిపించేది. మాడిపోయిన మొహం.

"నేనూ వీడికంటే ముందునుంచీ ఊరికి పని చేస్తున్నా. నా పని ఎవడికి కనిపిస్తుంది? కుట్టి ఇస్తే పైన దుప్పటి కప్పేస్తారు. ఎక్కి పడుకుంటే నిద్రపోతారు. నిద్రపోయినవాడు మెచ్చుకుంటాడా?" అని రగిలిపోయేవాడు. రగిలి రగిలి ఆయనకే నిద్ర పట్టడం మానేసింది. ఊరందరినీ నిద్రపుచ్చే మనిషి సొంత పరుపు మీద అటూ ఇటూ దొర్లుతుంటే చూసేవాళ్ళకి నవ్వొస్తుంది. దొర్లేవాడికి రాదు.

అన్నిటికంటే ఎక్కువ మండింది అత్తగారితో. ఆవిడ ఉండేది పెద్దకూతురింట్లో, అంటే పరుపులాయన ఇంట్లో. చిన్నల్లుడు ఈ ఊరొచ్చాక తన ఇంటి హాల్లో ఒక నిలువుటద్దం పెట్టించాడు. ఇంక ఆవిడ పొద్దున్నే స్నానం చేసి, చీర మార్చుకుని, అక్కడికే. "ఆ అద్దంలో నేను మా అమ్మలా ఉంటానే" అని మురిసిపోయేది. పగలంతా అక్కడే, కబుర్లన్నీ అక్కడే. దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చి, ఒక ముద్ద తిని, పడుకుని గురక పెట్టేది.

"కబుర్లు వాడికి, గురక నాకు" అనేవాడు పరుపులాయన.

"మా అమ్మ గురక మీద కూడా ఏడుస్తారా?" అనేది భార్య.

ఇలాంటి కడుపుమంటతో వారం వారం లేచి తోడల్లుడి గురించి చెప్పేవాడు. ఏం చెప్తాడు? మంచివాడు, కష్టపడేవాడు, నమ్మకస్తుడు. నోట్లోంచి ఆ మూడు ముక్కలు తప్ప నాలుగోది ఊడిపడేది కాదు. బల్లకి తెలియదా! మొదట మోచేతులు తగిలాయి. తర్వాత అద్దాలబ్బాయి కుర్చీ ఏటవాలుగా వేసుకున్నాడు. తర్వాత సగం కుర్చీ బల్లకి, సగం గాలికి. అయినా నవ్వు మొహంతోనే కూర్చునేవాడు. ఆ నవ్వు చూస్తే ఈయనకి ఇంకా ఒళ్ళు మండేది.

ఏడాది నిండడానికి వస్తుండగా కొత్త పెద్దాసుపత్రి కట్టడం మొదలైంది. కట్టేది మేడలావిడ. ఊళ్ళో సగం మేడలు ఆవిడవే, బల్లకి వరండా కొసన ఆవిడ కుర్చీ. "బల్ల దగ్గర చోటు లేనివాడికి నా బిల్డింగులో పని లేదు" అనేది ఆవిడ పద్ధతి. ఆసుపత్రి అద్దాల పని ఎవరికో వచ్చే బుధవారం చెప్తానంది. ఆ పని వస్తుందన్న ధైర్యంతోనే అద్దాలబ్బాయి ఈ ఊళ్ళో మొదట పెట్టిన చిన్న కొట్టు వదిలేసి మెయిన్ రోడ్డు మీద పెద్ద కొట్టు తీసుకున్నాడు. రాకపోతే కొట్టు మూసేసి, పెళ్ళాన్నీ పిల్లనీ తీసుకుని ఇంకో ఊరు చూసుకోవాల్సిందే.

ఆ వారం ప్రెస్సాయన అద్దాలబ్బాయి ముందు బల్లని జానతో కొలిచాడు. జానెడే ఉంది. "వచ్చే వారం కుర్చీ పట్టకపోతే తీసేయాలి బాబూ. రూలు రూలే" అన్నాడు.

పరుపులాయన ఇంటికొచ్చేసరికి కబురు ముందే చేరింది. భార్య వడ్డించింది గానీ పక్కన కూర్చోలేదు.

"వాళ్ళు వెళ్ళిపోతే మా చెల్లెల్ని మళ్ళీ ఎప్పుడు చూస్తానో" అంది.

"నేనేం చేశాను? వారం వారం చెప్తూనే ఉన్నాగా!"

"ఏం చెప్తున్నారు? మంచివాడు, కష్టపడేవాడు. పాలు పోసే అతని గురించి కూడా చెప్పొచ్చు ఆ మాట. ఒక్కటంటే ఒక్క నిజమైన మాట చెప్పలేరా?"

"నిజం చెప్పమంటావా? నిజం చెబితే నీ మరిది మొహం ఎక్కడ పెట్టుకుంటాడో!"

"అబ్బో! అంత నిజం ఏముందో!" అని ఆవిడ కంచం తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

బుధవారం వచ్చింది. ఆ రోజు వరండా వాళ్ళు కూడా మెడలు సాచి చూస్తున్నారు. అద్దాలబ్బాయి కుర్చీ ఎటు తిప్పినా పట్టలేదు. ఇటు పరుపులాయన మోకాలు, అటు టైలరమ్మ సంచి. చివరికి కుర్చీ వెనక్కి జరిపి, నిలబడే టీ తాగాడు. మేడలావిడ వరండాలోంచి ఒకసారి చూసి, చేతిలో ప్లాను కాగితం మడిచేసింది.

పరుపులాయన లేచాడు. లేచేటప్పుడు భార్య మొహం గుర్తొచ్చింది. ఒక్క నిజమైన మాట చెప్పేద్దామనే అనుకున్నాడు పాపం. నోరు తెరిస్తే పాత అలవాటు.

"మంచివాడు. కష్టపడేవాడు. నమ్మకస్తుడు."

బల్ల కిర్రుమంది. మిగిలిన జానెడు కూడా పోయింది. అంచున ఉన్న గాజు గ్లాసు కింద పడి భళ్ళున పగిలింది.

అద్దాలబ్బాయి వెంటనే వంగి ముక్కలు ఏరాడు. ఏరినవి కాగితంలో చుట్టి, ఆ తర్వాత తడి గుడ్డ తెచ్చి, నలుసు కూడా మిగలకుండా నేలంతా అద్దాడు. అద్దుతూ, "పర్లేదు అన్నయ్యా. మీరు మాత్రం ఏం చేస్తారు, నా గురించి చెప్పడానికి ఏముందని" అన్నాడు.

ఆ మాటతో పరుపులాయనకి ఏడాది నుంచి బిగించిన కట్టలన్నీ తెగాయి.

"చూశారా! చూశారా వీడి వేషాలు! పోయేవాడు పోకుండా, రేపు ఎవడి కాలికో గుచ్చుకుంటుందని నేల తుడుస్తున్నాడు! ఏడాది నుంచి ఇదే చావు నాకు!"

అద్దాలబ్బాయి ముందు బల్ల బెత్తెడు పెరిగింది. పరుపులాయన చూసుకోలేదు. చూసే స్థితిలో లేడు.

"మీకెవరికీ తెలీదు వీడి సంగతి. నాకు తెలుసు! రోజూ సాయంత్రం వీడి కొట్టుకి ఎదురుగా టీ కొట్లో నిలబడి చూస్తా. ఎక్కడైనా తప్పు చేస్తాడేమో, ఒక్కటి దొరక్కపోతుందా అని. టీ తాగి తాగి నోరు చేదెక్కింది గానీ ఒక్కటి దొరకలేదు! స్కూలుకి అద్దాలు కోశాడు. అంచులు రుద్దుతాడు, సరే, పిల్లలు చెయ్యి పెడతారు. ఫ్రేములోకి పోయే అంచు కూడా రుద్దుతాడండీ! లోపలి అంచు! ఎవడు చూస్తాడు దాన్ని? అడిగితే ఏమన్నాడో తెలుసా? రేపెప్పుడో అద్దం పగిలితే, దాన్ని మార్చడానికి వచ్చేవాడి చెయ్యి తెగుతుందట! ఎవడో వాడు, ఇంకా పుట్టాడో లేదో!"

బల్ల జరుగుతూనే ఉంది. టైలరమ్మ తన సంచి ఎత్తుకుని కుర్చీతో సహా అటు జరిగింది. ఆవిడ పక్కవాళ్ళు జరిగారు.

"ఒక ముసలాయన కిటికీ అద్దం మార్చమని వస్తే, అద్దం బాగానే ఉంది తాతా, చుట్టూ లప్పం ఊడింది అని లప్పం రాసి పంపించాడు. అప్పుడు నా ఒళ్ళు ఎలా మండిందో! నేనైతే కొత్త పరుపే అంటగట్టేవాణ్ణి! కిటికీ కొలవడానికి వెళ్తే ముందు టేపు తియ్యడు. ఇక్కడ కూర్చునేదెవరు, ఎండ ఏ పూట పడుతుంది, మంచం ఎటుంటుంది అని అడుగుతాడు. మా అత్తగారికి అద్దం పెట్టే ముందు ఆవిడ ఎంత ఎత్తు, ఎంత వంగి నడుస్తుంది అని చూసి మరీ పెట్టాడు. ఆవిడకి అందులో వాళ్ళమ్మ కనిపిస్తుందట! నేను ఇన్నేళ్ళు కాచుకుంటే నాలో ఎవరూ కనపళ్ళేదు ఆవిడకి! వీణ్ణి చూస్తే నాకు కుళ్ళు! అవును, కుళ్ళే! ఏం చేస్తారో చేసుకోండి!"

అనేసి కూర్చున్నాడు. కూర్చుని చూస్తే ఎడమ పక్క తోడల్లుడు లేడు. ఉన్నాడు, కానీ ఎంతో దూరంగా, నలుగురు పట్టేంత చోటుకి అవతల, తడి గుడ్డ పట్టుకుని నిలబడున్నాడు. బల్ల రెండో కొస వరండా దాటి, గేటు దాటి, రోడ్డు మీదికి వెళ్ళింది. సిటీ బస్సు ఒకటి ఆగి హారన్ కొడుతోంది. మేడలావిడ బస్సుకి అడ్డంగా కూర్చుని ఉంది. ఆవిడ డ్రైవర్ని ఆగమని చెయ్యి చూపించి, లోపలికి వినపడేలా అరిచింది.

"అబ్బాయ్! ఆ లోపలి అంచు సంగతి నిజమేనా?"

"నిజమేనండీ" అన్నాడు అద్దాలబ్బాయి.

"ఆసుపత్రి అద్దాలు నువ్వే వెయ్యి. ముందు ఎవరైనా నన్ను లోపలికి లాగండి!"

పైపులాయనా ఇంకో ఇద్దరూ బల్లని ఏటవాలుగా తిప్పి, వరండా మూలనుంచి దొడ్డి వైపుకి మళ్ళించారు. బస్సు వెళ్ళిపోయింది. ప్రెస్సాయన జాన పెట్టి కొలవడం మొదలుపెట్టి, మధ్యలో మానేశాడు. అద్దాలబ్బాయి కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. పరుపులాయన తలెత్తలేదు. తన నోటితోనే వాణ్ణి అందలం ఎక్కించానన్న సంగతి ఆయనకి అప్పటికి ఎక్కింది. ఎక్కి, ఇంకాస్త కుళ్ళుగా ఉంది.

తర్వాత వంతు అద్దాలబ్బాయిదే. టైలరమ్మ గురించి చెప్పాలి. లేచి చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు.

"ఇవాళొక్కరోజు కుడి పక్క మాట చెప్పొచ్చా?" అన్నాడు.

ప్రెస్సాయన గడ్డం గోక్కున్నాడు. "చెప్పొచ్చని రూలు లేదు. చెప్పకూడదని కూడా లేదు. కానియ్."

"నాకూ మా అన్నయ్యంటే కుళ్ళేనండీ" అన్నాడు అద్దాలబ్బాయి.

పరుపులాయన తలెత్తాడు.

"అత్తయ్య పొద్దున్నే మా ఇంటికొస్తుంది. అద్దం చూసుకుంటుంది, కబుర్లు చెప్తుంది. దీపాలు పెట్టేసరికి కాళ్ళు నిలవవు. ఉండు అత్తయ్యా, ఇవాళ మా ఇంట్లోనే పడుకో అంటాను. మంచి మంచం కొన్నాను, ఫ్యాను పెట్టించాను. ఒక్కరోజు కూడా ఉండలేదు. 'వద్దులే నాయనా, పెద్దల్లుడి పరుపు మీదైతేనే నాకు భయం లేకుండా నిద్ర పడుతుంది. మీ మావయ్య పోయాక నేను మళ్ళీ నిద్రపోయింది ఆ పరుపు మీదే' అంటుంది. ప్రతిరోజూ ఆవిణ్ణి నేనే సైకిలెక్కించుకుని మీ గుమ్మం దాకా దింపి వెళ్తాను అన్నయ్యా. లోపలికి రాను. బయట నిలబడితే ఆవిడ గురక వినపడుతుంది. అది వింటే నాకు ఎంత మండేదో మీకేం తెలుసు!"

పరుపులాయన తోడల్లుడి వైపు తిరిగాడు. ఆయన ముందు బల్ల మెల్లగా, చప్పుడు లేకుండా పెరుగుతోంది. ఈసారి తడిమి చూసుకోవాల్సిన పని లేదు. గ్లాసు తనంతట తానే జరుగుతోంది. వెనక గోడకి ఆనుకుని ఉన్న ప్రెస్సాయన లేచి, "ఈ గోడ కూడా కొట్టించాలి కాబోలు" అని గొణుక్కున్నాడు.

ఆ సాయంత్రం పరుపులాయన టీ కొట్టుకి వెళ్ళలేదు. ఇంటి గుమ్మంలోనే నిలబడ్డాడు. సైకిలు వచ్చింది. అత్తగారు దిగింది.

"ఏంటి అల్లుడుగారూ, గుమ్మంలో ఉన్నారు?"

"ఏం లేదత్తయ్యా. లోపలికి రండి." అని, సైకిలు తిప్పబోతున్నవాణ్ణి చూసి, "నువ్వూ రా తమ్ముడూ. టీ తాగి వెళ్దువుగాని" అన్నాడు.

అత్తగారు ఒక ముద్ద తిని వెళ్ళి పడుకుంది. దుప్పటి పరుపులాయనే పరిచాడు. భార్య వింతగా చూసింది. తోడల్లుళ్ళిద్దరూ హాల్లో టీ గ్లాసులు పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. కాసేపటికి లోపల్నుంచి గురక మొదలైంది. ఇద్దరూ వింటున్నారు. ఇంకొంచెం గట్టిగా పెడితే బాగుండు, వీడికి బాగా వినపడుతుంది అనుకున్నాడు పరుపులాయన. అనుకుంటూ అనుకుంటూ, చేతిలో టీ చల్లారుతుండగానే కూర్చున్న కుర్చీలో నిద్రపోయాడు.